పావు రేటు వేళ

ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, ఒకప్పుడు మన ఇళ్లల్లో రాత్రి పదకొండు గంటలకి ఒక పేరుండేది. పావు రేటు. ఎస్టీడీ కాల్‌కి పగలు పూర్తి ధర, సాయంత్రం దాటాక సగం, బాగా పొద్దుపోయాక పావు వంతు. తొంభైల్లో ఇల్లు నడిపిన ఆడవాళ్లెవరికైనా ఇది పంచాంగంలో రాహుకాలంలా నోటికి వచ్చి ఉండేది. పసుపు రంగు బోర్డు వేసిన బూత్ ముందు అన్నాలు తిన్నాక జనం చేరేవాళ్లు. లోపల గాజు తలుపు వెనక ఎవరో మాట్లాడుతుంటే, పైన ఎర్ర అంకెలు పరుగెడుతుంటే, బయట బెంచీ మీద మిగతావాళ్లు ఆవలిస్తూ కూర్చునేవాళ్లు.

మా పెద్దక్క భిలాయిలో ఉండేది. అమ్మ తెనాలిలో. అక్క వాళ్లింట్లో ఫోన్ లేదు, పక్క క్వార్టర్స్ వాళ్ల నంబరు ఇచ్చింది. పీపీ నంబర్ అనేవాళ్లం, గుర్తుందా? ఆ పక్కింటివాళ్లు మంచివాళ్లే, కానీ పది గంటలకి దీపాలార్పి పడుకునేవాళ్లు. పదకొండింటికి వాళ్లని లేపి, మా అమ్మాయిని పిలవండి అని ఎలా అంటాం? అందుకని అమ్మ ఎప్పుడూ పావు రేటుకి మాట్లాడలేదు. సగం రేటులోనే, చెప్పవలసినవన్నీ ముందే చిన్న కాగితం మీద రాసుకుని వెళ్లి, మూడు నిమిషాల్లో చెప్పేసి వచ్చేది. సొంత ఫోన్లున్న మా నాన్నగారి స్నేహితుల ఇళ్లల్లో మాత్రం పడకగదిలోంచే పావు రేటుకి తీరిగ్గా కబుర్లు చెప్పుకునేవాళ్లు.

రద్దీ వేళ ఎక్కువ ధర, ఖాళీ వేళ తక్కువ ధర అన్న మాట ఎవరన్నా నాకు ఆ కాగితమే గుర్తొస్తుంది. చవక వేళ అందరికీ ప్రకటిస్తారు. అది అందేది మాత్రం తన వేళని తాను జరుపుకోగలిగినవాళ్లకే. క్యాబ్ కంపెనీలూ రైళ్లూ సరే, రేపు కరెంటు వాళ్లు కూడా ఈ పద్ధతిలోనే మన ఇళ్లకి రాబోతున్నారు కాబట్టి, అసలిది ఎక్కడ పుట్టింది, ఎలా తిరిగి మన వంటింటి గుమ్మం దాకా వచ్చింది అని కొన్నాళ్లుగా చదువుతున్నాను. చదివింది మీతో చెప్పుకోవాలనిపించింది.

ఫోన్ సంగతే ముందు పూర్తిచేస్తాను. మన దేశంలో ఆపరేటర్ సాయం లేకుండా నేరుగా ఊరికీ ఊరికీ కలిపే మొదటి ఎస్టీడీ 1960 నవంబరులో లక్నోకీ కాన్పూరుకీ మధ్య మొదలైంది. దానికి ముందూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ ట్రంక్ కాలే గతి. అందులోనూ తరగతులుండేవి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్. అర్జెంట్ అంటే రెట్టింపు డబ్బు కట్టి వరసలో ముందుకి జరగడం. లైట్నింగ్ వైపు మనలాంటివాళ్లు చూసేవాళ్లే కారు. అంటే రద్దీలో డబ్బున్నవాడికి దారి ఇవ్వడం సర్కారువారి టెలిఫోన్ శాఖలోనే ఎప్పటినుంచో ఉందన్నమాట. ఇదేదో నిన్నమొన్న కంప్యూటర్ కుర్రాళ్లు కనిపెట్టారనుకోవడం పొరపాటు.

రాత్రి చవక ఎందుకు? రెండు ఊళ్ల మధ్య ఒకేసారి ఇన్ని కాల్సే పడతాయని లెక్క ఉంటుంది. ఆ లైన్లన్నీ పగలు ఆఫీసులు, వ్యాపారుల కోసం వేసినవి. మిర్చి యార్డు ధరలూ, బట్టల ఆర్డర్లూ అన్నీ పగలే. రాత్రి అవే లైన్లు ఊరికే పడుంటాయి. పడున్నదాన్ని పావుకి ఇచ్చినా లాభమే. 2006 మార్చి 1న బీఎస్‌ఎన్‌ఎల్ వాళ్లు దేశంలో ఎక్కడికైనా నిమిషానికి ఒక్క రూపాయి అని పథకం తెచ్చేసరికి దూరానికీ వేళకీ ఉన్న ఆ పాత విలువ పోయింది. లైన్లు కోకొల్లలయ్యాయి, రద్దీ అన్నదే లేకుండా పోయింది. రద్దీకి ధర పెంచడం ఒక మందు, రద్దీ లేకుండా సదుపాయం పెంచడం ఇంకో మందు. రెండోది కూడా ఉందని మనం తరచూ మర్చిపోతాం.

ఇక కరెంటు. ఈ లెక్కంతా అసలు పుట్టింది అక్కడే.

ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్ అనే ఇంజనీరు 1892లో కరెంటు సరఫరాకి అయ్యే ఖర్చు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. అప్పటికి కరెంటంటే దీపాలే. ఊళ్లో అందరూ చీకటి పడగానే ఒకేసారి దీపాలు వెలిగిస్తారు. ఆ రెండు మూడు గంటల కోసం పెద్ద పెద్ద యంత్రాలు పెట్టాలి. మిగతా రోజంతా అవి చాలా వరకు ఖాళీ. కాబట్టి ఖర్చు మీరు ఎన్ని యూనిట్లు వాడారన్న దాంట్లో కాదు, మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వడానికి సిద్ధంగా ఉండటంలో ఉంది అన్నాడాయన.

ఇది మనకి చెప్పనక్కర్లేదు. ఇంట్లో నలుగురం ఉంటాం, పెళ్లి రోజు నాలుగు వందల మంది వస్తారు. ఆ ఒక్కరోజు కోసం నాలుగు వందల మందికి సరిపడా గుండిగలూ, గంగాళాలూ కొని అటక మీద పెట్టుకుంటామా? సప్లయర్స్ షాపు నుంచి అద్దెకి తెచ్చుకుంటాం. కరెంటు కంపెనీ ఆ గుండిగలన్నీ కొని అటక మీద పెట్టుకోక తప్పదు. ఆ అటక ఖర్చు ఎవరు కట్టాలి అన్నదే ప్రశ్న. హాప్కిన్సన్ తర్వాత కొద్ది ఏళ్లకే బ్రైటన్ ఊళ్లో ఆర్థర్ రైట్ అనే ఆయన, ఎవరు ఒక్కసారిగా ఎంత ఎక్కువ లాగారో చూపే మీటరు తయారుచేసి ఆ లెక్కన బిల్లు వేశాడు.

తర్వాత ఫ్రాన్సు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అక్కడ కరెంటు కంపెనీలన్నీ కలిపి 1946లో ఒకే ప్రభుత్వ సంస్థ చేశారు. అందులో మార్సెల్ బొయితో అనే కుర్ర గణిత పండితుడు 1949లో రద్దీ వేళ ధర ఎలా కట్టాలో ఒక వ్యాసం రాశాడు. ఆ తర్వాతి కాలంలో ఆ సంస్థకే పెద్ద అయ్యాడు. నిండా నూరేళ్లు దాటి బతికి 2023లో పోయాడు. ఆయన లెక్క ప్రకారం 1950ల రెండో సగంలో ముందు ఫ్యాక్టరీలకి వేళను బట్టి ధరలు వచ్చాయి. ఆ తర్వాత ఇళ్లకి రాత్రి చవక గంటలు వచ్చాయి. నీళ్లు కాచే పెద్ద ట్యాంకులు రాత్రి తమంతట తామే వెలిగి, తెల్లారేసరికి వేడినీళ్లతో సిద్ధంగా ఉండేలా పెట్టుకున్నారు.

ఫ్రాన్సులోదే ఇంకో పద్ధతి ఉంది, టెంపో అంటారు. నాకు ఇది చదువుతుంటే మన పంచాంగమే గుర్తొచ్చింది. సంవత్సరంలో 300 రోజులు నీలం, 43 రోజులు తెలుపు, 22 రోజులు ఎరుపు. నీలం రోజు కరెంటు చవక. ఎరుపు రోజు పగలు మాత్రం ధర మండిపోతుంది. ఎరుపు రోజులు చలికాలంలోనే వస్తాయి, శని ఆదివారాల్లో రావు. రేపు ఏ రంగో ఇవాళే చెబుతారు. ఎరుపు అని తెలియగానే ఆ ఇంట్లో ఇల్లాలు బట్టలు ఉతకడం మానేస్తుంది, ఓవెన్ జోలికి పోదు, కట్టెల పొయ్యి ఉంటే వెలిగిస్తుంది. ఇష్టపడి ఈ పథకంలో చేరినవాళ్లకే ఇది, అందరి నెత్తినా రుద్దింది కాదు. నాకు ఇందులో నచ్చిన రెండు సంగతులూ ఇవే. ముందు రోజే చెబుతారు, వద్దంటే వదిలేస్తారు.

ఇంగ్లండులో 1978లో ఎకానమీ సెవెన్ అని వచ్చింది. రాత్రి ఏడు గంటలు చవక కరెంటు. ఇటుకలు నింపిన హీటర్లు రాత్రి వేడెక్కి పగలంతా ఆ వేడి మెల్లగా వదిలేవి. అక్కడి ఆడవాళ్లు వాషింగ్ మెషీన్ నింపి, పడుకోబోయే ముందు తిప్పడం అలవాటు చేసుకున్నారు. తమాషా ఏమిటంటే, అందరూ నిద్రపోతుండగా మెషీన్లు తిప్పకండి, నిప్పంటుకుంటే తెలియదు అని అక్కడి ఫైర్ సర్వీసు వాళ్లు హెచ్చరిస్తుంటారు. కరెంటు వాళ్లు రాత్రి ఉతకమంటారు, ఫైరింజన్ వాళ్లు వద్దంటారు. ఇద్దరి మాటా విని నడుచుకోవలసింది ఇల్లాలు.

ఈ చరిత్రంతా రాసినవాళ్లు ఇంజనీర్లు, ఆర్థికవేత్తలు. వాళ్ల పుస్తకాల్లో "వినియోగదారుడు తన వాడకాన్ని జరుపుకుంటాడు" అని ఉంటుంది. ఎవరా వినియోగదారుడు? తెల్లవారుజామున లేచి మెషీన్‌లోంచి తడిబట్టలు తీసి ఆరేసేది ఎవరు? యంత్రం ఊరికే పడుంటే దానికి నష్టమెంతో పైసల్లో లెక్క కట్టారు. ఆవిడ నిద్ర విరిగితే నష్టమెంతో కట్టిన లెక్క ఒక్కటి కూడా నా కంట పడలేదు.

సరే, మన దగ్గర ఇదేమీ లేదా అంటే, బోలెడుంది. మనమే దాన్ని వేరే పేరుతో పిలుస్తాం.

ఆషాఢం సేల్ అంటే ఏమిటి? ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పట్టుచీరల బేరాలుండవు. షాపు అద్దె, గుమాస్తాల జీతాలు మాత్రం ఆగవు. అందుకని ధర తగ్గించి పిలుస్తారు. శ్రావణం రాగానే అదే చీర అసలు ధరకి ఎక్కి కూర్చుంటుంది. కూతురి పెళ్లి మాఘంలో ఉన్నా, ఆషాఢంలోనే చీరలు కొని బీరువాలో పెట్టే తల్లులు మన ఇళ్లల్లో ఎందరో. బొయితోగారు చూస్తే మెచ్చుకుని తీరతాడు. ఫంక్షన్ హాలు ముహూర్తం రోజు ఒక ధర, మామూలు రోజు ఇంకో ధర. బ్యాండు మేళం, ఫోటోగ్రాఫరు, వంటవాళ్లు అందరూ అంతే. ఒక్క మంచి ముహూర్తానికి ఊళ్లో వంద పెళ్లిళ్లు పడితే ఇంకేం చేస్తారు పాపం.

పూల ధర చూడండి. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు సాయంత్రం మూర చామంతి ఎంతకి పలుకుతుందో మీకు తెలుసు. గొణుక్కుంటూనే కొంటాం. పూలమ్మే ఆవిడ మీద మనకి నిజంగా కోపం రాదు. ఆవిడా మార్కెట్లో తెల్లవారుజామున అంత పోసే తెచ్చింది. ఆ పెరిగిన ధరలో ఎంతో కొంత, పండగ లెక్క చూసుకుని తోట వేసిన రైతుకి చేరుతుంది. పైగా బేరమాడవచ్చు, పక్కావిడ దగ్గరికి పోవచ్చు, రెండు మూరలకి బదులు ఒక మూరతో అమ్మవారికి దణ్ణం పెట్టుకోవచ్చు. సాయంత్రం చీకటిపడే వేళ కూరగాయల బండి దగ్గరికి వెళితే వాడిపోతున్న తోటకూర కట్టలు సగానికి ఇస్తాడు. ఇదంతా వేళను బట్టి ధరే. మనకి తెలిసిన న్యాయమే.

మరి కంపెనీలు అదే పని చేస్తే ఎందుకు మండుతుంది?

దీని మీద పేరుపడ్డ ఒక పరిశోధన ఉంది. 1986లో డేనియల్ కానెమన్, జాక్ నెష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు, కెనడాలో జనానికి ఫోన్లు చేసి అడిగిన ప్రశ్నల ఆధారంగా రాశారు. ఒక ప్రశ్న ఇది. ఇనుప సామాను కొట్లో మంచు తోసే పార ధర 15 డాలర్లు. పెద్ద మంచు తుఫాను వచ్చిన మర్నాడు పొద్దున కొట్టువాడు దాన్ని 20 డాలర్లు చేశాడు. న్యాయమేనా? నూటికి 82 మంది కాదన్నారు. డబ్బున్న దేశం, అయిదు డాలర్ల తేడా, అయినా ఒప్పుకోలేదు. అవతలివాడి ఖర్చు పెరిగితే ధర పెంచడం జనం ఒప్పుకుంటారు. మన అవసరం పెరిగింది కదా అని పెంచితే ఒప్పుకోరు. పూలావిడకీ పారల కొట్టువాడికీ తేడా అదే.

1999లో కోకాకోలా కంపెనీ అధిపతి డగ్లస్ ఐవెస్టర్ బ్రెజిల్ పత్రికవాళ్లతో మాట్లాడుతూ, ఎండ ఎక్కువున్న రోజు చల్లటి డ్రింకు విలువ కూడా ఎక్కువే కదా, కాబట్టి ఎండను బట్టి ధర మార్చే మెషీన్లు వస్తే అది న్యాయమే అన్నట్టు అన్నాడు. అమెరికాలో గగ్గోలు పుట్టింది. కంపెనీ అలాంటి మెషీన్లు పెట్టబోవడం లేదని సర్దిచెప్పుకోవలసి వచ్చింది. ఆయన అదే డిసెంబరులో పదవి వదులుకుంటానని ప్రకటించాడు. దానికి వేరే కారణాలు చాలా ఉన్నాయిలెండి, ఈ మాట కూడా వాటికి తోడైంది. అదే ఆయన, చలిగా ఉన్న రోజున డ్రింకు చవగ్గా ఇస్తాం అని ఉంటే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లేమో. లెక్క ఒకటే. మన టెలిఫోన్ శాఖ తెలివి అక్కడుంది. పగలు నాలుగింతలు అని వాళ్లు ఎప్పుడూ అనలేదు, రాత్రి పావు అన్నారు. హైదరాబాద్ మెట్రో వాళ్లు కూడా 2023లో ఆ దారే పట్టారు. పొద్దున 6 నుంచి 8, రాత్రి 8 నుంచి 12 మధ్య కార్డు మీద ప్రయాణిస్తే 10 శాతం తగ్గింపు అన్నారు. రద్దీలో ఎక్కినవాళ్లకి పెంచాం అని అంటే ఎంత గొడవయ్యేదో.

ఇంతకంటే పెద్ద తేడా ఇంకోటుంది. పెంచిన ధర వల్ల కొత్తగా ఏమైనా వస్తుందా అన్నది.

సంక్రాంతి బస్సులు తీసుకోండి. స్పెషల్ బస్సుకి ఒకటిన్నర రెట్లు టికెట్టు వసూలు చేయడానికి ఉమ్మడి రాష్ట్రంలోనే 2003లో జీవో ఇచ్చారు. వాళ్లు చెప్పే కారణం, హైదరాబాదు నుంచి నిండుగా వెళ్లిన బస్సు ఖాళీగా తిరిగి రావాలి, ఆ డీజిలు ఎవరిస్తారు అని. కారణం ఒప్పుకోదగ్గదే. ఆ ఎక్కువ డబ్బుతో లేని బస్సు ఒకటి రోడ్డెక్కింది, యాభై మంది పండక్కి ఇంటికి చేరారు. అయినా 2022 సంక్రాంతికి ఆంధ్రాలో యాభై శాతం ఎక్కువ వసూలు చేస్తే విమర్శలొచ్చాయి. మరుసటి ఏడాది అక్కడి ఆర్టీసీ మామూలు ఛార్జీలకే స్పెషళ్లు నడిపింది. ఖాళీ బస్సు ఖర్చు మాయం కాలేదు, సంస్థ భరించింది, అంతే. నా మటుకు నాకు, స్పెషల్‌కి కొంత ఎక్కువ ఇవ్వడానికి అభ్యంతరం లేదు. భోగి నాటికి ఊరు చేరాలి, ఆ రోజుని కనుమ తర్వాతకి జరపలేం కదా. అభ్యంతరమల్లా, మామూలు రోజుల్లో నడిచే బస్సుకే బోర్డు మార్చి స్పెషల్ అంటే.

రైలు సంగతి వేరు. 1997లో తత్కాల్ వచ్చింది. 2016 సెప్టెంబరు 9 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఫ్లెక్సీ ఫేర్ అన్నారు. ప్రతి పది శాతం బెర్తులు నిండగానే ధర పది శాతం చొప్పున ఎక్కుతూ ఒకటిన్నర రెట్ల దాకా పోతుంది. దీనివల్ల ఒక్క బెర్తు కొత్తగా రాలేదు. ఉన్న బెర్తులే ఎవరు ఎక్కువిస్తే వాళ్లకి. చివరికి ధరలు చూసి జనం వేరే దారులు వెతుక్కున్నారు, కొన్ని రైళ్లు సగం కూడా నిండలేదు. 2018లో రైల్వే వాళ్లే 15 రైళ్లకి ఈ పద్ధతి ఎత్తేసి, మిగతావాటికి పై హద్దు 1.4 రెట్లకి తగ్గించారు.

క్యాబ్‌లకి కేంద్రం 2020లో గీసిన హద్దు, మూల ధరకి ఒకటిన్నర రెట్లు. 2025 జులైలో దాన్ని రెండు రెట్లకి పెంచారు. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. వర్షం రోజు ఎక్కువిస్తేనే డ్రైవరు ఇల్లు కదులుతాడు అంటారు. నిజమే, తడుస్తూ ట్రాఫిక్‌లో కూర్చునేది ఆ అబ్బాయి. సొంత బండి ఉన్న డ్రైవరుకి ఛార్జీలో కనీసం 80 శాతం చేరాలని కూడా ఆ నియమాల్లోనే ఉంది. నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఇంకోటి. పోయిన వానాకాలం మా అత్తగారిని ఆస్పత్రిలో చూపించి బయటికొచ్చి నిలబడ్డాం. ఫోన్లో ధర ఒక నిమిషం ఒకటి, ఇంకో నిమిషం ఇంకోటి. ఆవిడ మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కాసేపు ఆగితే తగ్గుతుందేమో అని మావారు ఇంటి దగ్గర్నుంచి ఫోన్లో సలహా. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని మెట్ల మీద కూర్చోబెట్టి ఎంతసేపు ఆగను? పూలావిడ కనీసం నా మొహం చూసి ధర చెబుతుంది. డ్రైవరుని అడిగితే, నాకు ఎంత వస్తుందో నాకే తెలియదమ్మా అన్నాడు.

ఇప్పుడు మన ఇంటి మీటరు దగ్గరికి వద్దాం.

2023 జూన్‌లో కేంద్రం కరెంటు వినియోగదారుల నియమాలు సవరించింది. 10 కిలోవాట్లు దాటిన వ్యాపార, పరిశ్రమల కనెక్షన్లకి 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం తప్ప మిగతా అందరికీ 2025 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి ధర ఉండాలని అందులో రాశారు. స్మార్ట్ మీటరు పెట్టాకే ఇది వర్తిస్తుంది. ఇళ్లకి రద్దీ వేళ కనీసం 1.10 రెట్లు, ఎండ బాగా ఉండే సోలార్ గంటల్లో మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ. ఏ గంటలు రద్దీ అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. అన్ని రాష్ట్రాల్లోనూ ఇళ్ల దాకా ఇంకా రాలేదు, మనం ఇంకా శ్లాబుల లెక్కలోనే బతుకుతున్నాం. కానీ వస్తుంది.

ఇందులో చిత్రమేమిటంటే, నూట ముప్పై ఏళ్లుగా రాత్రి చవక అని చెప్పుకొచ్చిన లెక్క ఇప్పుడు తిరగబడింది. సోలార్ వల్ల మధ్యాహ్నం కరెంటు పొంగిపొర్లుతోంది. పొద్దు వాలగానే ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే అందరూ ఇళ్లకి చేరి ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు వేస్తారు. హాప్కిన్సన్ కాలంలో దీపాలు వెలిగిన వేళే మళ్లీ రద్దీ వేళ. ఇది అబద్ధం కాదు, కంపెనీల కుట్రా కాదు. ఆ సాయంత్రపు కరెంటు నిజంగానే ఖరీదైనది. మధ్యాహ్నం వాడితే బొగ్గు మిగులుతుంది. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను.

అయితే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఇంట్లో ఎవరుంటారు? నాలాంటివాళ్లం ఉంటాం. మెషీన్ ఆ వేళ వేస్తాను, దోసెల పిండి ఆ వేళ రుబ్బుతాను, ఇస్త్రీ ఆ వేళ చేస్తాను. మా ఇంటి బిల్లు తగ్గుతుంది. తగ్గిన బిల్లు చూసి మావారు స్మార్ట్ మీటరు భలే ఉందే అంటారు. మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది, ఇంటికి ఏడున్నరకి వస్తుంది. అన్నం కుక్కరు, మిక్సీ, గీజరు, మెషీన్ అన్నీ ఆ తర్వాతే. మా ఇంట్లో పనిచేసే నాగమణి ఆ మధ్యాహ్నపు చవక వేళ మా ఇంట్లోనూ ఇంకో మూడిళ్లలోనూ ఉంటుంది. తన ఇంట్లో లైటు వేసేది చీకటి పడ్డాకే. టైమరున్న మెషీన్లు, బ్యాటరీలు, మేడ మీద సోలార్ పలకలు ఉన్నవాళ్లకి ఇదొక ఆట. పీపీ నంబరున్నవాళ్ల సంగతే చూడాలి.

మన రెండు రాష్ట్రాల్లోనూ నియంత్రణ మండళ్లు కొత్త టారిఫ్ ఇచ్చే ముందు జనం అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుంటాయి, బహిరంగ విచారణ పెడతాయి. ఎవరైనా రాయవచ్చు, తెలుగులో రాయవచ్చు, వెళ్లి మాట్లాడవచ్చు. పేపర్లో ఫోటోలు చూస్తే పరిశ్రమలవాళ్లు, రైతు సంఘాలు, పార్టీలవాళ్లు కనిపిస్తారు. ఇల్లు నడిపే ఆడవాళ్లు పెద్దగా కనిపించరు.

నేను రాయబోతున్నాను. నాలుగు ముక్కలే. ఇళ్లకి మధ్యాహ్నం తగ్గించండి, సాయంత్రం పెంచకండి. పెంచక తప్పకపోతే, నెలకి మొదటి యాభై యూనిట్లకి ఏ వేళైనా ఒకే ధర ఉంచండి, నాగమణి ఇంట్లో అంతకు మించి కాలదు. ఫ్రాన్సువాళ్లలా ముందుగా చెప్పండి, నిమిష నిమిషానికి మార్చకండి. సాయంత్రం అదనంగా వసూలైన డబ్బు ఎంత, దానితో ఎన్ని బ్యాటరీలు కొన్నారో ఏటా లెక్క చెప్పండి. ఇందులో ఇంకేమైనా చేర్చాలంటే ఈ వారంలోగా నాకు రాయండి. మీ ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఏమేం వేస్తారో, అందులో ఏది జరపగలరో, ఏది జరపలేరో కూడా రాయండి. పేర్లు లేకుండా ఆ జాబితా అంతా ఉత్తరానికి జతచేసి పంపుతాను.